కొత్త ట్రాక్టరు మొరాయిస్తే నోటి మాట చాలదు, కాగితం ఉండాలి

మండపేట: దమ్ము పనులు జోరుగా సాగే వేళ కొత్త ట్రాక్టరు చేలో నిలిచిపోతే ఏం చేస్తారు? షోరూముకు ఫోను చేస్తారు. మెకానిక్కు వచ్చి ఏదో బిగించి పోతాడు. నాలుగు రోజులకు మళ్లీ అదే తంతు. ఈలోగా నారు ముదిరిపోతుంది. కిరాయి ట్రాక్టరుకు డబ్బు పొయ్యాలి. బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు. ‘మన ఖర్మ’ అని సరిపెట్టుకోనక్కరలేదు. లోపమున్న కారు కొన్న పట్నం ఆసామికి ఎంత హక్కుందో ట్రాక్టరు, పవర్‌ టిల్లరు కొన్న చిన్న రైతుకూ అంతే హక్కుంది.

రైతు వినియోగదారుడే

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చింది. ఇది 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. వ్యాపారం కోసం కొన్న వస్తువుకు ఈ చట్టం వర్తించదు. ‘మీరు కిరాయికి తిప్పుతున్నారు, ఇది వ్యాపారమే’ అని ఎదుటి పక్షం మెలిక పెట్టేది ఇక్కడే. కానీ బతుకుతెరువు కోసం తానే నడుపుకునే ఆటో, లారీ కొన్నవాడు వినియోగదారుడేనని 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్‌ వర్క్స్‌ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా హక్కు పోదంది. మీ చేను దున్నుకుని, పక్క చేలకు మీరే కిరాయికి నడిపినా ఇదే న్యాయం. నాలుగైదు బండ్లు కొని డ్రైవర్లను పెట్టి తిప్పేవారి సంగతి వేరు.

మన రాష్ట్ర రైతుల కేసే మరొకటి ఉంది. నాసిరకం విత్తనాలతో నష్టపోయిన రైతులకు, జాతీయ విత్తన సంస్థకు మధ్య నడిచిన ఆ వ్యాజ్యంలో రైతులు వినియోగదారులేనని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఏమేం అడగొచ్చు?

లోపం సరిచేయించమనొచ్చు. కొత్త బండి ఇమ్మనొచ్చు. కట్టిన సొమ్ము వడ్డీతో తిరిగిమ్మనొచ్చు. పని చెడి కలిగిన నష్టానికి పరిహారం, కేసు ఖర్చులు కూడా కోరవచ్చు. ఒక్క క్లచ్చి చెడితే మొత్తం బండే మార్చి ఇస్తారని మాత్రం అనుకోవద్దు. 2006లో ఒక మారుతి కారు కేసులో, లోపమున్న భాగం మారిస్తే సరిపోతుంది, కారు మార్చనక్కరలేదని సుప్రీంకోర్టు అంది. ఎన్నిసార్లు బాగుచేసినా అదే జబ్బు తిరగబెడుతుంటే, అది తయారీలోనే ఉన్న లోపమని చూపగలిగితే మీ పక్షం బలపడుతుంది. ఆ రుజువు చూపాల్సింది మీరే. అవసరమైతే నిపుణుడి చేత బండిని పరీక్ష చేయించమని కమిషన్‌ను కోరండి.

ఈ జాగ్రత్తలు మరవొద్దు

* కొటేషన్‌ కాగితం బిల్లు కాదు. ఇంజను, ఛాసిస్‌ నంబర్లున్న అసలు బిల్లు, వారంటీ కార్డు తీసుకోండి.
* షెడ్డుకు వెళ్లిన ప్రతిసారీ మీరు చెప్పిన లోపాన్ని జాబ్‌ కార్డులో రాయించి, నకలు అడిగి తెచ్చుకోండి. ‘జనరల్‌ సర్వీసు’ అని రాస్తే ఒప్పుకోవద్దు.
* వారంటీలో చెప్పిన సర్వీసులు గడువులోగా చేయించండి. గడువు తీరకుండా బయటి మెకానిక్కు చేత ఇంజను, గేరు బాక్సు విప్పించవద్దు.
* కిరాయి ట్రాక్టరుకు ఇచ్చిన డబ్బుకు చీటీ రాయించుకోండి. నష్టం లెక్కకు అదే ఆధారం.
* బ్యాంకు వాయిదా ఎగ్గొట్టవద్దు. అప్పు వేరు, కేసు వేరు.

ఫిర్యాదు ఇలా

ముందుగా డీలరుకు, కంపెనీకి తేదీలతో సహా రాసి స్పీడ్‌ పోస్టులో పంపి, రసీదు దాచండి. జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. మనం ఫోరం అని పిలిచేది దీన్నే. మీ ఊరు ఏ కమిషన్‌ పరిధిలోకి వస్తుందో ముందు కనుక్కోండి. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా, మీరు నివసించే చోటే ఫిర్యాదు ఇవ్వవచ్చు. సమస్య తలెత్తిన రెండేళ్లలోగా వెయ్యాలి. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల వరకైతే ఫీజు లేదు. ఆపైన 10 లక్షల వరకు 200 రూపాయలే. 50 లక్షల దాకా జిల్లా కమిషనే చూస్తుంది. వకీలును పెట్టుకోవాలన్న నిబంధన లేదు, మీరే వాదించుకోవచ్చు. తీర్పు నచ్చకపోతే 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవాలి. ఉత్తర్వును పాటించనివారికి జైలు, జరిమానా కూడా ఉన్నాయి.

సలహాకు 1915 నంబరుకు, ఉచిత న్యాయ సాయానికి 15100కు ఫోను చేయవచ్చు.

ఇప్పటికే కొత్త బండి కొన్నవారు ఒకసారి కాగితాలు తీసి చూసుకోండి. జాబ్‌ కార్డులు లేకపోతే ఈసారి షెడ్డుకు వెళ్లినప్పుడు పాత రిపేర్ల నకళ్లు అడగండి. పంట కాలం దాటితే తిరిగి రాదు గానీ, కాగితం ఉంటే నష్టమైనా రాబట్టుకోవచ్చు.