మీకు తెలుసా? మల్లికకూ ఆమ్రపాలికీ అమ్మానాన్నలు వాళ్లే!

మల్లికకు తల్లి నీలం, తండ్రి దశేరి. ఆమ్రపాలికి తల్లి దశేరి, తండ్రి నీలం! 1970లలో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసిన ఈ రెండు మామిడి రకాలూ అవే రెండు చెట్లను అటూ ఇటూ మార్చి సంకరం చేస్తే పుట్టినవి.

అయినా పోలికలు అంతంతమాత్రమే. మల్లిక కాయ పెద్దది. ఆమ్రపాలి కాయ చిన్నదే కానీ కండ ముదురు నారింజ రంగులో ఉంటుంది, చెట్టేమో పొట్టి. తల్లి మారినందుకే ఇంత తేడా వచ్చిందనుకోకండి. ఒకే చెట్టు టెంకలు పది నాటినా పది రకాల మొక్కలు రావచ్చు. మనవాళ్లు మామిడికి అంటు కట్టేది అందుకే.

దక్షిణాది నీలం ఏటా కాస్తుంది. లక్నో వైపు దశేరిది మహా రుచి, కానీ ఒక ఏడు కాస్తే మరుసటి ఏడు మొండికేస్తుంది. ఆ రుచిని ఈ క్రమం తప్పని కాపుతో కలపాలన్నదే శాస్త్రవేత్తల ఆశ. ఆమ్రపాలిలో అది బాగానే ఫలించింది. పది మీటర్ల ఎడంతో నాటే మామూలు తోటలో ఎకరాకు 40 చెట్లు పడితే, పొట్టి చెట్టు కాబట్టి ఆమ్రపాలిని రెండున్నర మీటర్ల ఎడంతో 640 దాకా నాటవచ్చు.

సంగారెడ్డి పండ్ల పరిశోధన కేంద్రం ఇచ్చిన మంజీర మామిడిలోనూ నీలం రక్తం ఉంది. దాని జోడీ రుమాని.