బుడగే కదా అనుకుంటే...

గ్లాసు నీళ్లలో బుడగ పైకి తేలుతుంది, టప్పున పగిలిపోతుంది. అంతే దాని కథ. అదే బుడగ వెంట్రుకంత సన్నటి గొట్టంలో చిక్కుకుంటే? ఆ గొట్టంలో ఉన్నది నీరు కాక, రక్తంలా కదిలేకొద్దీ పలచబడే ద్రవమైతే? అప్పుడు చిన్న బుడగ కూడా పెద్ద లెక్కే. ఆ లెక్క తేల్చడానికి శాస్త్రవేత్తలు కంప్యూటర్ల సాయం తీసుకుంటున్నారు.

సెలైన్ పెట్టే ముందు నర్సు గొట్టంలోని గాలినంతా బయటికి పంపేస్తుంది. సిరలోకి వెళ్లే ఒకటీ అరా చిన్న బుడగలతో సాధారణంగా ప్రమాదం ఉండదు. వాటిని ఊపిరితిత్తులు వడకట్టేస్తాయి. బుడగ ధమనిలోకి చేరితేనే చిక్కు. మెదడుకో గుండెకో వెళ్లే రక్తాన్ని అది అడ్డుకోవచ్చు. 1953లో అమెరికా వైద్యుడు జాన్ గిబ్బన్ గుండె-ఊపిరితిత్తుల యంత్రంతో తొలిసారి విజయవంతంగా గుండె ఆపరేషన్ చేశారు. అలాంటి యంత్రాల నుంచి తిరిగి ఒంట్లోకి వెళ్లే రక్తంలో బుడగలు లేకుండా చూడటం అప్పట్నుంచీ పెద్ద పనే.

గోడకీ బుడగకీ మధ్య...

సన్నటి గొట్టంలో బరువు మాట చెల్లదు. అక్కడ పెత్తనమంతా తలతన్యతదే. నీటిలో 0.1 మిల్లీమీటరు వ్యాసార్ధమున్న బుడగ లోపలి ఒత్తిడి, బయటికన్నా సుమారు 15 సెంటీమీటర్ల ఎత్తున నిలబెట్టిన నీటి ఒత్తిడంత ఎక్కువ. బుడగ పదింతలు చిన్నదైతే ఆ తేడా పదింతలు పెరుగుతుంది.

గొట్టం నిండుగా ఉన్న బుడగ క్యాప్సూల్‌లా సాగి ముందుకి జరుగుతుంది. అయితే గోడని మాత్రం తాకదు. మధ్యలో పలచటి ద్రవపు పొర మిగులుతుంది. ఈ పొర మీద 1961లో బ్రిటన్ శాస్త్రవేత్తలు జి.ఐ.టేలర్, ఎఫ్.పి.బ్రెదర్టన్ విడివిడిగా పరిశోధనలు ప్రచురించారు. బుడగ నెమ్మదిగా కదిలేటప్పుడు దాని వేగం ఎనిమిది రెట్లు పెరిగితే పొర మందం నాలుగు రెట్లవుతుందని బ్రెదర్టన్ సూత్రం చెబుతుంది. కానీ అది నీరు, నూనె లాంటి మామూలు ద్రవాలకే.

పెరుగు చెప్పే పాఠం

గడ్డ పెరుగుని కవ్వంతో నాలుగుసార్లు తిప్పితే జారుగా అవుతుంది. సీసాలో కదలని టొమాటో సాస్ గట్టిగా కుదిపితే జారిపడుతుంది. కుంచె కింద హాయిగా పరుచుకునే రంగు, గోడ మీద కారకుండా నిలబడుతుంది. ఇలా కదలిక పెరిగేకొద్దీ పలచబడే వాటిని ‘షియర్ థిన్నింగ్’ ద్రవాలంటారు. రక్తమూ ఆ కోవలోదే. నెమ్మదిగా పారేటప్పుడు ఎర్రకణాలు నాణేల దొంతరల్లా ఒకదానికొకటి అంటుకుంటాయి. వేగం పెరిగితే విడిపోతాయి. చురుగ్గా పారే రక్తం చిక్కదనం నీటికి మూడు నాలుగు రెట్లుంటే, నెమ్మదించినప్పుడు అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

మరి అలాంటి ద్రవంలో బుడగ వెళ్తే? గోడ పక్కన ఒరిపిడి ఎక్కువ కాబట్టి అక్కడ ద్రవం పలచబడుతుంది. నడిమధ్యలో చిక్కగానే ఉంటుంది. ఒకే గొట్టంలో చోటుచోటుకీ చిక్కదనం మారిపోతుందన్నమాట! దాంతో గోడ దగ్గరి పొర కూడా, ఎప్పుడూ ఒకే చిక్కదనంతో ఉండే ద్రవంలోకన్నా పలచనవుతుంది. ఇక ఒక్క సూత్రంతో లెక్క తేలదు.

కోట్ల గళ్ల ఆట

అందుకే కంప్యూటర్లో గొట్టాన్ని చిన్నచిన్న గళ్లుగా విడగొడతారు. ద్రవం నిండిన గడికి 1, గాలి ఉన్నదానికి 0. మధ్యలో ఏ విలువ వచ్చినా బుడగ అంచు అక్కడుందని అర్థం. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలకు చెందిన హర్ట్, నికోల్స్ 1981లో ఈ పద్ధతిని వివరించారు. ప్రతి గడిలోనూ వేగం, ఒత్తిడి, చిక్కదనం లెక్కించాలి. క్షణంలో అతి చిన్న భాగం గడవగానే మళ్లీ మొదలు!

చిక్కంతా ఆ పలచటి పొరతోనే. గొట్టం వెడల్పులో అది నూరో వంతే ఉండొచ్చు. అంత పొరలోనూ కనీసం కొన్ని గళ్లు పట్టాలి. మొత్తం గొట్టానికి గళ్లు కోట్లలోకి వెళ్తాయి. పైగా అంచు వంపుని కొలవడంలో కొంచెం తేడా వచ్చినా, కదలని బుడగ చుట్టూ లేని ప్రవాహాలు తెరమీద పుట్టుకొస్తాయి. వాటిని నమ్మితే లెక్కంతా తప్పే. కాబట్టి ముందు మామూలు ద్రవంతో లెక్కగట్టి బ్రెదర్టన్ సూత్రంతో సరిచూస్తారు. అది కుదిరాకే పలచబడే ద్రవం జోలికి వెళ్తారు.

ఈ లెక్కలకీ ఓ హద్దుంది. కేశనాళికల్లాంటి అతి సన్నటి రక్తనాళాల వెడల్పూ, ఎర్రకణం సైజూ దాదాపు ఒకటే. అక్కడ రక్తాన్ని ఒకే ద్రవంగా చూడటం కుదరదు, కణాల్ని విడిగా లెక్కలోకి తేవాల్సిందే.

అడ్డుపడే ఆ గుణాన్నే మందుగా మార్చాలన్న ఆలోచనా ఉంది. కణితికి రక్తం అందించే నాళాన్ని కావాలనే బుడగలతో మూసేస్తే? మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఈ దిశగా పరిశోధనలు జరిగాయి. బుడగ ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ జారిపోతుందో ముందే తెలిస్తేనే ఆ ప్రయత్నానికి అర్థం. లేదంటే కణితి దగ్గర ఆగాల్సిన బుడగ మరో చోటికి చేరే ప్రమాదముంది.