ఒకే పేరు - రెండు యంత్రాలు

హాజరుపట్టీ విప్పితే ఇద్దరు శ్రీనివాసులు లేని సెక్షను మన వైపు అరుదు. ఇంటిపేరు తగిలించో, నంబరు చెప్పో, కాదంటే పొడుగు శ్రీను, పొట్టి శ్రీను అనో నెట్టుకొస్తాం. మనిషి ముఖం ఎదురుగా ఉంటుంది గనుక చిక్కు లేదు. లాబొరేటరీలోని కంప్యూటర్లకు ఆ వసతి లేదు. “ఈ నెట్‌వర్క్‌లో ఇదే పేరు ఇంకొకటి ఉన్నది” అనే హెచ్చరిక తెర మీద కనబడగానే, చాలామంది ఎదుట ఉన్న యంత్రం పేరు మార్చేసి చేతులు దులుపుకొంటారు. అది తొందరపాటు అని నా అభిప్రాయం.

కారణం తెలియాలంటే పేర్లు ఎట్లా వస్తాయో చూడాలి. విండోస్ యంత్రాలు చాలాకాలం ఆధారపడిన నెట్‌బయాస్ పద్ధతిని 1983లో ఐబీఎం పీసీల కోసం సైటెక్ అనే సంస్థ రూపొందించింది. ఇంటర్నెట్ ప్రోటోకాల్ మీద దీన్ని నడిపే ప్రమాణాలు 1987లో వెలువడ్డాయి. చిన్న నెట్‌వర్క్‌లో పేర్లు పంచిపెట్టే పెద్దమనిషి ఎవరూ ఉండరు. యంత్రం లేవగానే “నేను ఫలానా పేరు పెట్టుకొంటున్నాను, ఎవరికైనా అభ్యంతరమా?” అని అందరికీ వినబడేట్లు పావు సెకను ఎడంతో మూడుసార్లు కేకవేస్తుంది. ఎవరూ పలకకపోతే ఆ పేరు దానిదే. ముందే పెట్టుకొన్నది ఉంటే “అది నాది” అంటుంది. రెండోది పేరు లేకుండా మిగిలిపోతుంది. అనగా, ఫిర్యాదు చేసే యంత్రం దొంగ కానక్కరలేదు. ఆలస్యంగా నిద్రలేచింది, అంతే!

2008లో ఒక కళాశాలలో కళ్ళారా చూచినది చెబుతాను. ‘సీ’ భాష ప్రాక్టికల్ పరీక్ష. పిల్లలు వ్రాసిన ప్రోగ్రాములన్నీ ఒక ప్రధాన యంత్రంలోని ఉమ్మడి ఫోల్డరులో చేరాలి. అంతకుముందు ఎవరో ఆ యంత్రం హార్డ్‌డిస్కును యథాతథంగా నకలు తీసి ఒక పాత యంత్రానికి ఎక్కించారు. పేరు, ఫోల్డరు, పాస్‌వర్డు అన్నీ దాంతోపాటే వచ్చాయి. పరీక్షనాడు ఒక యంత్రం మొరాయిస్తే ఆ నకలును తెచ్చి మూల బల్ల మీద పెట్టారు. ఇంతలో కరెంటు పోయి వచ్చింది. నకలు ముందు లేచింది. ప్రధాన యంత్రం హెచ్చరిక చూపిస్తే అటెండరు ఓకే నొక్కి వెళ్ళిపోయాడు. సాయంత్రం చూస్తే ఫోల్డరులో నిన్నటి బ్యాచి తప్ప ఏమీ లేదు! పిల్లలేమో “సేవ్ చేశాం సార్” అని ఏడుపు ముఖాలు. ప్రధాన యంత్రం పేరు మార్చి, నకలును ఫార్మాట్ చేసేద్దామని అక్కడ ఒకాయన సలహా ఇచ్చారు. అదే జరిగితే ఒక బ్యాచి పరీక్ష గాలిలో కలిసిపోయేది.

కాబట్టి ముందు రెండో యంత్రాన్ని పట్టుకోవాలి. హెచ్చరిక వచ్చినదాని కేబుల్ పీకి, మూడో యంత్రం నుంచి ఆ పేరుకు పింగ్ కొట్టండి. జవాబు వస్తే అసలు ఆసామి ఎక్కడో బతికే ఉన్నాడు. అతని ఐపీ నంబరు కూడా తెర మీదే ఉంటుంది. (పాత జ్ఞాపకాన్ని తుడిచేయడానికి ముందుగా ఎన్‌బీటీస్టాట్ ఆదేశం పక్కన గీత పెట్టి పెద్ద ‘ఆర్’ కొట్టాలి. చిన్న ‘ఆర్’ కొడితే లెక్కలు చూపించి ఊరుకుంటుంది.) పిమ్మట ఏఆర్‌పీ పట్టికలో ఆ ఐపీకి ఎదురుగా నెట్‌వర్క్ కార్డు నంబరు దొరుకుతుంది. దాన్నిబట్టి స్విచ్‌లో ఏ రంధ్రమో, ఏ బల్లో తెలుస్తుంది. విండోస్ ఈవెంట్ చిట్టాలో 4319 నంబరు నమోదు ఉంటే, అభ్యంతరం చెప్పినదాని ఐపీ అందులోనూ ఉంటుంది. ఆనాడు మూల బల్ల బయటపడింది ఈ దారినే. ఫైళ్ళన్నీ భద్రంగా ఉన్నాయి.

నకలు తీయడం నేరం కాదు. తీసేముందు విండోస్‌లోనే ఉన్న సిస్‌ప్రెప్ నడిపితే, నకలు మొదటిసారి లేచినప్పుడు కొత్త పేరు పెట్టుకొంటుంది.

ఇంకొక తమాషా ఉన్నది. నెట్‌బయాస్ పేరుకు పదహారు స్థానాలున్నా మనకు దక్కేవి పదిహేనే. చివరిది సేవ రకం చెప్పే గుర్తుకు. ఇంగ్లీషులో ‘ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్’ అని కలిపి వ్రాస్తేనే పదిహేడు అక్షరాలు. చివర 1, 2 అని అంకెలు వేసి మురిసిపోతే అవి కత్తిరింపులో రాలిపోయి, రెండూ ఒకే పేరవుతాయి. అంకె ముందు వేస్తే బాధ లేదు. విండోస్ 10 తనంతట తాను పెట్టే ‘డెస్క్‌టాప్’, గీత, ఏడు అక్షరాల పేరు సరిగ్గా పదిహేనే, లెక్కపెట్టి చూడండి! వర్క్‌గ్రూపు పేరే యంత్రానికీ పెట్టినా ఈ తగాదా వస్తుంది. కేబుల్, వైఫై రెండూ ఒకే నెట్‌వర్క్‌కు తగిలించిన లాప్‌టాప్ ఒక్కోసారి తనతో తానే పోట్లాడుతుంది.

నేటి ప్రింటర్లు, ఆపిల్ యంత్రాలు మొదలగునవి వాడే ఎండీఎన్ఎస్ పద్ధతి (2013లో ప్రమాణమైంది) ఇంత మొండిది కాదు. పేరు దొరకకపోతే మామూలుగా చివర ‘2’ తగిలించుకొని పని సాగించుకొంటుంది. మర్యాదైన ఏర్పాటే గాని, పాత పేరుకు పంపిన కాగితాలు ఆ పేరు ముందు దక్కించుకొన్న ప్రింటరులో, ఏ పక్క గదిలోనో అచ్చవుతుంటాయి.