గర్భిణులకు కటినొప్పి – ఇంటిలోను, పొలములోను పాటింపదగిన జాగ్రత్తలు

వానలు కురిసినవి. నారుమళ్ళు నాట్లకు సిద్ధముగా నున్నవి. కూలీలు దొరకక ఇంటిలోని ఆడవారందరును మడిలో దిగవలసిన రోజులవి. అట్టి సమయమున ఆరవ నెల గర్భముతోనున్న కోడలు గట్టు దాటబోయి, తుంటి పట్టుకొని కదలలేక నిలిచిపోవును. "మేము కనలేదా? ప్రసవమయ్యే రోజు దాకా నాట్లు వేసినవాళ్ళమే" అని అత్తగారు అందురు. కోడలు మారుమాటాడక మరల మడిలో వంగును. రాత్రి మంచముపై ప్రక్కకు ఒత్తిగిలలేక కన్నీరు పెట్టుకొనును. ఇది మన గ్రామములకు క్రొత్త సంగతి కాదు.

ఈ నొప్పి సోమరితనము కాదు, నటనయు కాదు. గర్భిణులలో ఇంచుమించు ప్రతి ఐదుగురిలో ఒకరికి ఇది వచ్చును. దీనివలన గర్భమందలి బిడ్డకు హాని లేదు. అయినను పంటి బిగువున ఓర్చుకొని అదే పనిని అదే తీరున చేయుచుండినచో నొప్పి ముదురును. పని తీరు మార్చినచో చాలమందికి తగ్గును. ఈ మార్పు గర్భిణి యొక్కతె చేసికొనగలది కాదు. ఇంటివారందరును పూనుకొనవలెను.

నొప్పికి కారణము

మన కటి యెముకలు ముందు వైపున పొత్తికడుపు క్రింద ఒక చోటను, వెనుక నడుము క్రింద రెండు చోట్లను కలిసియుండును. ఈ మూడు కీళ్ళను గట్టి కట్లు పట్టియుంచును. గర్భిణి శరీరములో జరుగు మార్పులవలన ఈ కట్లు కొంత సడలును. దీనికి తోడు కడుపు బరువు పెరిగి, నడక తీరు, నిలబడు తీరు మారును. అప్పుడు కీళ్ళు రెండు వైపుల సమానముగా కదలక నొప్పి పుట్టును. బండి చట్రము కట్లు వదులైనపుడు చక్రములు బాగుగనే యున్నను బండి ఊగును. బరువంతయు ఒక ప్రక్కన వేసినచో మరింత ఊగును గదా! ఇదియు అట్టిదే.

నడచునపుడు, మెట్లెక్కునపుడు, ఒంటికాలిపై నిలిచినపుడు, కాళ్ళు ఎడముగా పెట్టినపుడు, మంచముపై ఒత్తిగిలునపుడు నొప్పి హెచ్చుట దీని లక్షణము. కొందరికి తొడలలోనికి కూడ ప్రాకును.

ఇంటి పనులలో మార్పులు

1. నిండు బిందెను చంకనెత్తుకొని నడువరాదు. చంటిబిడ్డను గూడ ఒక ప్రక్కన ఎత్తుకొనరాదు. నీళ్ళు ఇంటిలోని మగవారే తెచ్చుట మేలు. తప్పనిసరియైనచో రెండు చిన్న పాత్రలలో సగము సగము నింపి, రెండు చేతులతో తెచ్చుకొనవలెను.

2. కత్తిపీట ముందు, పాడి గేదె క్రింద గొంతుకూర్చొని చాలసేపు పని చేయరాదు. ఎత్తైన పీటపై కూర్చొని చాకుతో కూరలు తరుగుకొనవచ్చును. పాలు పితుకుట, పేడ తీయుట, గడ్డిమోపు లెత్తుట ఇతరులకు వదలవలెను. బాసింపట్టు వేసికొని కూర్చొనుటయు తగ్గించవలెను.

3. లంగా తొడుగుకొనునపుడు ఒంటికాలిపై నిలువక, కూర్చొని తొడుగుకొనవలెను. మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కవలెను. నొప్పి తక్కువగానున్న కాలు ముందు పెట్టి, రెండవ కాలు దాని ప్రక్కకు చేర్చవలెను.

4. ప్రక్కకు తిరిగి, మోకాళ్ళ నడుమ దిండు పెట్టుకొని పండుకొనవలెను. ఒత్తిగిలునపుడు మోకాళ్ళు రెండును దగ్గరగా చేర్చి తిరుగవలెను. సాగిపోయిన నులకమంచమైనచో నులక బిగించి వేయవలెను.

పొలములో

గంటల తరబడి వంగి నాట్లు వేయుట, బురదలో కాళ్ళు ఈడ్చుచు నడచుట, ఎత్తైన గట్లు దాటుట ఈ నొప్పికి బద్ధశత్రువులు. ఇట్టి గర్భిణికి విత్తనములేరుట, వేరుసెనగ కాయలు ఒలుచుట వంటి కూర్చొని చేయు పనులు అప్పగింపవలెను. ఆ పనికిని మధ్య మధ్య లేచి నాలుగడుగులు నడువవలెను. కదలక మంచము పట్టుటయు మంచిది కాదు. నొప్పి రానంత మేరకు తిరుగుచు, నొప్పికి ముందే విశ్రమించుట ఉత్తమము.

తేలికైన వ్యాయామము, మందులు

మూత్రము ఆపుకొనునట్లు క్రింది కండరములను బిగించి, కొన్ని క్షణములు పట్టి వదలవలెను. ఇట్లు పదిమార్లు, దినమునకు మూడు పర్యాయములు చేసినచో కటికి బలము చేకూరును. నడుముకు గోరువెచ్చని కాపడము హాయి నిచ్చును. కడుపును నొక్కి మర్దించుట అపాయకరము. తుంటి చుట్టు కట్టు పట్టీ కొందరికి మేలు చేయును. దానిని ఫిజియోథెరపిస్టు చూపిన రీతిగా కట్టవలెను.

అంగడిలో దొరకు నొప్పి బిళ్ళలను అడుగక మ్రింగరాదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి ముఖ్యముగా ఐదవ నెల దాటిన పిమ్మట బిడ్డ మూత్రపిండములకును, గుండెకును కీడు చేయగలవు. డాక్టరు చెప్పినచో పారాసిటమాల్ తగు మోతాదులో వాడవచ్చును.

ఆలస్యము చేయరాని లక్షణములు

నొప్పులన్నియు కీళ్ళ నొప్పులు కావు. రక్తస్రావము, ఉమ్మనీరు కారుట, నెలలు నిండకయే కడుపు గట్టిపడుచు విడిచి విడిచి నొప్పులు వచ్చుట, జ్వరము, మూత్రములో మంట, బిడ్డ కదలిక తగ్గుట, కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పుట – వీనిలో ఏ ఒక్కటి కనిపించినను 108 వాహనమును పిలిపించి వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

ప్రసవ సమయమున ఈ నొప్పి సంగతి నర్సుకు ముందుగనే తెలుపవలెను. కాళ్ళను బలవంతముగా ఎడము చేయక, ప్రక్కకు పండుకొని గాని, మోకాళ్ళపై వంగి గాని ప్రసవించు వీలు గలదు. ఈ నొప్పి యొక్కటే ఆపరేషనుకు కారణము కాదు. కాన్పు తరువాత చాలమందికి కొన్ని వారములలో, కొందరికి కొన్ని నెలలలో ఇది తగ్గును. తగ్గనిచో చికిత్స పొందవలెను.

గ్రామాధికారులకు, రైతులకు మనవి

ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ క్రింద 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వాసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుచున్నవి. నాట్ల రోజులలో సైతము ఆ దినము తప్పిపోకుండ ఆశా కార్యకర్త ద్వారా గ్రామాధికారులు అందరికి తెలియజేయవలెను. నాట్ల ముఠాలో గర్భిణి ఉన్నచో తేలికపని చూపి, కూలి తగ్గింపకుండ మేస్త్రీకి నచ్చజెప్పవలెను.

రైతు సోదరులారా! చూడి గేదెను బరువు పనికి కట్టము; మేతయు, నీడయు చూచి కాపాడుదుము. ఇంటి ఇల్లాలికి ఆపాటి ఆదరణ చూపలేమా? రేపటి ఉదయము బిందె మీరు పట్టుకొనుడు. మార్పు అచ్చటనుండియే మొదలగును.