ఇంటి విలువ త్వరగా తేలవలెనన్న

శృంగవరపుకోట పరిసర గ్రామములలో ఇంటిని కుదువపెట్టి బ్యాంకు ఋణము కోరువారు ఒక సంగతి గుర్తింపవలెను. విలువ కట్టుటకు వచ్చు వాల్యుయరు గోడలను మాత్రమే చూడడు. దస్తావేజులోని హద్దులు నేలమీద ఉన్నవో లేవో సరిచూచును. అవి పొసగనిచో పని ఆగును.

కావున ఆయన రాకముందే మనము దస్తావేజు, లింకు దస్తావేజులు, సబ్ రిజిస్ట్రారు కార్యాలయపు ఈ.సి., అనుమతి పొందిన ప్లాను, ఇంటిపన్ను రసీదు ఒకచోట కూర్చుకొనవలెను. నాలుగు హద్దులు కొలిచి చూచుకొనవలెను. గదులన్నియు తెరచి ఉంచవలెను.

గ్రామకంఠములోని పాత ఇండ్లు పెక్కింటికి దస్తావేజులు లేవు. ఈ లోటు తీర్చుటకే 2020 ఏప్రిల్ 24న కేంద్ర ప్రభుత్వము స్వామిత్వ పథకమును ప్రారంభించినది. డ్రోనులతో కొలిచి ఆస్తి పత్రము లిచ్చుట దాని ఉద్దేశము. తమ ఊరి కొలత ఎంతవరకు వచ్చినదో పంచాయతీలో విచారింపవలెను.

కాగితము, నేల ఒకే మాట చెప్పినచో, వానలకు ముందే ఇంటికి కప్పు పడును.