ఆవలింతకు అన్న ఉన్నాడు

ఆవలింతకు అన్న ఉన్నాడు గానీ తుమ్ముకు తమ్ముడు లేడని సామెత. అన్నను ఏదో ప్రాస కోసం తెచ్చారనుకుంటాం. ఇటలీలోని పీసా విశ్వవిద్యాలయ పరిశోధకులు నోర్షా, పలాజీ 2011లో ప్రచురించిన అధ్యయనం చూస్తే మాత్రం ఆ సామెత కట్టినవాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది. అన్నిటికంటే ఎక్కువగా అంటుకున్నది అయినవాళ్ల ఆవలింతేనట. తర్వాత స్నేహితులది, ఆ తర్వాత ముఖపరిచయస్తులది. ముక్కూమొహం తెలియనివాళ్లది చివర.

ఇలా ఒకరి ఆవలింత ఇంకొకరికి అంటుకోవడమూ అనుకరణే. అనుకరణ అనగానే మనకు మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ గుర్తొస్తారు. ఆయనది సాధనతో వచ్చిన విద్య. మనం పొద్దస్తమానం చేసే మిమిక్రీకి సాధనా లేదు, చేస్తున్నామన్న ఎరుకా లేదు. బిడ్డకు గోరుముద్ద పెట్టే తల్లిని చూడండి, బిడ్డకంటే ముందు ఆమె నోరే తెరుచుకుంటుంది. తాడు మీద నడిచేవాణ్ని చూస్తూ కిందున్న జనం కూడా ఒళ్లు మెలికలు తిప్పుతారని ఆడమ్ స్మిత్ 1759లోనే రాశాడు.

దీన్ని గదిలో పెట్టి పరీక్షించినవాళ్లు టాన్యా షార్‌ట్రాండ్, జాన్ బార్జ్. 1999లో అచ్చయిన వాళ్ల ప్రయోగంలో పని చిన్నదే: పక్కనున్న మనిషితో కలిసి ఫొటోలు చూసి వాటి గురించి మాట్లాడాలి. ఆ పక్కమనిషి పరిశోధకులు పెట్టిన మనిషేనని వచ్చినవాళ్లకు తెలియదు. అతను మొహం రుద్దుకుంటే వీళ్ల చేయీ మొహం మీదికి వెళ్లింది. ఇంకొకరు కాలు ఊపితే వీళ్ల కాలూ ఊగింది. తర్వాత అడిగితే పక్కవాళ్లు ఏం చేశారో కూడా గమనించలేదు. ఇంకో విడతలో కథ తిరగేశారు. పెట్టిన మనిషే వీళ్ల భంగిమల్ని గుట్టుగా అనుకరించాడు. అలా అనుకరించినవాళ్లే వీళ్లకు ఎక్కువ నచ్చారు.

నెదర్లాండ్స్‌లో ఒక వెయిట్రెస్ ఆర్డర్‌ను కస్టమర్ అన్న మాటల్లోనే తిరిగి చెబితే టిప్పు పెరిగిందని 2003 నాటి ప్రయోగం. (మన టిఫిన్ సెంటర్లో ‘రెండిడ్లీ, ఒక పెసరట్టు’ అని కేకేసేది వంటవాడి కోసం. అది లెక్కలోకి రాదు.)

ఒంటికన్నా త్వరగా పట్టుబడేది నాలుక. హైదరాబాద్ హాస్టల్లో చేరిన శ్రీకాకుళం కుర్రాడు కొన్నాళ్లకే ‘ఏంది’ అంటాడు. ఇంటినుంచి ఫోనొస్తే పాత యాస దానంతటదే తిరిగొస్తుంది. ఎదుటివాళ్ల తీరుకు మన మాట ఇలా సర్దుకోవడాన్ని 1970లలో హోవర్డ్ జైల్స్ సిద్ధాంతీకరించాడు. ఆ హాస్టల్ కుర్రాణ్ని వేషాలేస్తున్నాడని వెక్కిరించడం అన్యాయం.

అయితే ఈ సర్దుబాటు రెండువైపులా సమానంగా సాగదు. సినిమాల్లో తెలంగాణ యాసను ఏళ్ల తరబడి హాస్యగాళ్లకూ విలన్లకూ వదిలేశాం. ఆ యాసవాళ్లే నలుగురిలో మాట మార్చుకోవాల్సి వచ్చింది. అవతలివాళ్లకు ఆ అవసరం రాలేదు. ఎవరి మాటకు గౌరవం ఉంటే నాలుక అటే మొగ్గుతుంది. 2017లో ‘ఫిదా’లో కథానాయికే ఆ యాస మాట్లాడింది. తెలుగు మాతృభాష కాని సాయిపల్లవి సొంత గొంతుతో చెప్పిన ఆ మాటలు కోస్తా కుర్రకారు నోళ్లలోనూ నానాయి.