రిజిస్ట్రేషన్ అయినా చిక్కే!

పొలం చదును చేసి, హద్దురాళ్లు పాతి, ఎర్రమట్టి రోడ్డు పోస్తే చాలు, ప్లాట్లు అమ్ముడవుతున్నాయి. రిజిస్ట్రేషన్ అయింది కదా అని కొన్నవారి ధీమా. తీరా ఇంటి ప్లానుకు వెళితే లేఅవుటుకు అనుమతి లేదంటారు. చీటీ పాడి తెచ్చిన సొమ్ము మట్టిలో ఇరుక్కుంటుంది.

ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. లేఅవుటు అనుమతి సంగతి అందులో తేలదు. అడ్వాన్సు ఇవ్వకముందే కాగితాలు వకీలుకు చూపించాలి.

మోసపోయాక కోర్టుకెక్కే స్తోమత లేదని దిగులు పడనక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు. న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవాలి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది. అయితే ఆ తీర్పుపై అప్పీలు లేదు. చదివించుకుని, అర్థమయ్యాకే వేలిముద్ర వేయాలి.